నీలిగడ్డి పాట పుట్టిన ఊళ్లో...

కారు నాష్‌విల్ దాటి ఉత్తరానికి తిరిగిందో లేదో, వెనక సీట్లోంచి చింటూ పాటలు పెట్టేశాడు. ముందు నలుగురైదుగురి గొంతులు కలిసి లేచాయి. ఆ తర్వాత బ్యాంజో, మాండలిన్, ఫిడేలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చేశాయి. డ్రైవింగ్ సీట్లో ఉన్న అన్నయ్య నావైపు చూసి నిట్టూర్చాడు. ‘పొద్దున లేస్తే ఇదే గోలరా. స్కూలుకెళ్తూ ఇదే, హోంవర్క్ చేస్తూ ఇదే. ఇందులో గంజాయి మీద కూడా ఒక పాట ఉంది తెలుసా?’

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. పదిహేనేళ్లుగా టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఊళ్లో గణేశుడి గుడి ఉంది, ఆదివారం వెళ్తే తెలుగు మాట వినపడుతుంది. వాళ్లబ్బాయి చింటూకి పదహారేళ్లు, గిటార్ నేర్చుకుంటున్నాడు. నేను 2025 ఆగస్టులో వాళ్లింటికి వెళ్లినప్పుడు వాడు పట్టిన పట్టువల్లే ఈ ప్రయాణం. ‘బాబాయ్, నువ్వు పేపర్లో రాస్తావు కదా. బ్లూగ్రాస్ పుట్టిన ఊరు రెండు గంటల దూరంలో ఉంటే చూడకుండా పోతావా?’ అన్నాడు. చూడకుండా ఎలా పోతాం!

వాడు పెట్టిన ఆల్బమ్ పేరు ‘హైవే ప్రేయర్స్’. పాడింది బిల్లీ స్ట్రింగ్స్. 2024 సెప్టెంబరు 27న విడుదలైంది. మొత్తం 20 పాటలు. ఒక పాటలో పాత షెవ్రొలె కారు ఇంజిన్ గుర్రుమంటుంది. చివరి పాటలో వాయిద్యమే ఉండదు, ఒట్టి గొంతులే. విడుదలైన మొదటి వారంలోనే బిల్‌బోర్డ్ వారి ఆల్బమ్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లి కూర్చుంది. అది జానపదానికో, పల్లె సంగీతానికో వేరుగా వేసిన జాబితా కాదు. పాప్, రాక్, ర్యాప్ అన్నీ కలిపి లెక్కేసేది. 2002లో ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా పాటల ఆల్బమ్ తర్వాత ఈ తరహా సంగీతానికి ఇంత గౌరవం దక్కడం మళ్లీ ఇప్పుడే.

మరి వినేవాళ్లంతా ఒక్కమాటగా బాగుందన్నారా? లేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. ‘ఇదేం బ్లూగ్రాస్? రాక్ కచేరీ’ అనేవాళ్లు ఒకవైపు. ‘ఇతను లేకపోతే మా పిల్లలు బ్యాంజో వంక చూసేవాళ్లే కాదు’ అనేవాళ్లు ఇంకోవైపు. బిల్లీ కచేరీలు ఇప్పుడు వేలమంది పట్టే అరీనాల్లో జరుగుతున్నాయి. ఒక్కో పాటను పది, ఇరవై నిమిషాలు సాగదీస్తాడు. గిటారుకు కాలికింద రకరకాల పెడల్స్ తగిలించి చిత్రమైన శబ్దాలు పుట్టిస్తాడు. ముందు నిలబడి ఊగేవాళ్లలో చింటూ ఈడువాళ్లు ఎంతమందో, తెల్లగడ్డాల తాతలూ అంతమంది.

గడ్డి నీలంగా ఉంటుందా?

బయల్దేరేముందు హైదరాబాద్ నుంచి మా పిల్లలు ఫోన్లో అడిగింది ఇదే. ఉండదు. ఆకుపచ్చగానే ఉంటుంది. కోయకుండా వదిలేస్తే వసంతకాలంలో వచ్చే కంకులు కాస్త నీలిరంగులో కనిపిస్తాయంటారు. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ చుట్టుపక్కల, గుర్రాలు మేసే మైదానాల్లో ఈ గడ్డి ఎక్కువ. అందుకే ఆ రాష్ట్రానికి ‘బ్లూగ్రాస్ స్టేట్’ అని ముద్దుపేరు. తమాషా ఏంటంటే, బ్లూగ్రాస్ సంగీతం పుట్టింది ఆ మైదానాల్లో కాదు. అక్కడికి చాలా దూరంగా పశ్చిమాన, బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టిన బిల్ మన్రో, బతుకుతెరువుకు ఊరు వదిలి వెళ్లాక సొంత రాష్ట్రం గుర్తుగా తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకున్నాడు. బృందం పేరే మెల్లగా సంగీతం పేరైపోయింది.

ముందురోజు నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం చూశాం. 1892లో ప్రార్థనల కోసం కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఇప్పటికీ లోపల కుర్చీలు లేవు, చర్చిలో ఉండే పొడుగాటి చెక్క బల్లలే. 1943 నుంచి 1974 వరకు ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో కార్యక్రమం ఇక్కడినుంచే ప్రసారమయ్యేది. 1945 డిసెంబరులో ఈ వేదిక మీదే మన్రో బృందంలోకి ఎర్ల్ స్క్రగ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు బ్యాంజోతో వచ్చి నిలబడ్డాడు. అంతకుముందు బ్యాంజో అంటే నవ్వించడానికి పట్టుకునే వాయిద్యం. ఈ కుర్రాడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు... మూడింటితో వడగళ్లవానలా స్వరాలు కురిపించాడు. లెస్టర్ ఫ్లాట్ గిటార్, చబ్బీ వైజ్ ఫిడేలు, హోవార్డ్ వాట్స్ బాస్, మన్రో మాండలిన్, స్క్రగ్స్ బ్యాంజో. ఈ అయిదుగురి చేతుల్లో తయారైందే ఈరోజు మనం బ్లూగ్రాస్ అంటున్నది. అంటే అదేదో తాతలనాటి కొండపాట కాదన్నమాట. రేడియోలో, మైకు ముందు, బతికున్న మనుషుల జ్ఞాపకంలోనే పుట్టింది. ఆనాటి కొత్త కుర్రాడి వాయింపే ఇప్పుడు ‘అసలు సిసలు సంప్రదాయం’!

అన్నట్టు, బ్యాంజో అంటే మన దగ్గర పెళ్లిళ్లలో, భజనల్లో కనిపించే, మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ అనుకునేరు. ఇది అది కాదు. గుండ్రటి డప్పుకి పొడుగాటి మెడ తగిలించినట్టు ఉంటుంది. బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్లు తమ ఊళ్లలోని వాయిద్యాల్ని గుర్తు చేసుకుని ఈ గడ్డమీద తయారుచేసుకున్నారు.

నూటయాభై డాలర్ల మాండలిన్

నాష్‌విల్‌లోనే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అద్దాల వెనక మన్రో మాండలిన్ ఉంది. గిబ్సన్ కంపెనీ ఎఫ్-5. లోపల 1923 జులై 9 తేదీతో లాయిడ్ లోర్ సంతకం ఉంటుంది. ఫ్లోరిడాలో ఒక మంగలి షాపు కిటికీలో కనపడితే 150 డాలర్లిచ్చి కొన్నాడట మన్రో. 1985లో ఎవరో ఆయన ఇంట్లోకి చొరబడి, పొయ్యి ఎగదోసే ఇనుప కడ్డీతో దాన్ని పొడిచి పొడిచి ముక్కలు చేశారు. ఆ ముక్కలన్నీ ఏరి గిబ్సన్ కంపెనీకి పంపితే, నెలల తరబడి కూర్చుని అతికించి ఇచ్చారు. దాంతోనే మళ్లీ వాయించాడు. ఆయన పోయాక అది పది లక్షల డాలర్లకు పైనే పలికింది.

అన్నయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ‘మన పాలకొల్లు శ్రీనివాస్ వాయించింది ఇదేనా?’ అన్నాడు. అదే జాతి, రూపం వేరు. ఇందులో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. ఉప్పలపు శ్రీనివాస్ జతల్ని తీసేసి ఒంటి తీగలు వేసుకుని, అయిదో తీగ కలిపి, కరెంటు మాండలిన్‌గా మార్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. ఈ పరదేశీ వాయిద్యం మీద గమకాలు పలుకుతాయా అని పెదవి విరిచినవాళ్లు అప్పుడూ ఉన్నారు. మా తాతయ్య వాళ్లలో ఒకరు. ఆయన తర్వాత ఆ క్యాసెట్లు అరిగిపోయేలా విన్నారనేది వేరే సంగతి.

మాండలిన్ మన్రో కోరుకున్న వాయిద్యం కాదు. ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. పెద్దవాళ్లలో బర్చ్ ఫిడేలు తీసుకుంటే, చార్లీ గిటారు తీసుకున్నాడు. మిగిలింది మాండలిన్. అదీ పూర్తిగా ఇవ్వలేదు. మరీ గట్టిగా మోగకుండా ఎనిమిది తీగల్లో నాలుగు తీసేయమన్నారట! పైగా పిల్లవాడికి మెల్లకన్ను, చూపు అంతంతమాత్రం. పదేళ్లకి తల్లి పోయింది. పదహారేళ్లకి తండ్రీ పోయాడు.

తండ్రి పోయాక ఆ కుర్రాణ్ని దగ్గరకు తీసింది మేనమామ. అక్కడ మేనమామకీ మేనల్లుడికీ మనకున్నంత తంతు లేదుగానీ, ఈ మామ మాత్రం మన మామల్లాంటివాడే. పేరు పెన్ వాండివర్. కంచరగాడిద పడేయడంతో కాలు దెబ్బతిన్న మనిషి, ఫిడేలు వాయించేవాడు. ఊళ్లల్లో డాన్సులకు పిలిస్తే మేనల్లుణ్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆ మామ మీద మన్రో కట్టిన ‘అంకుల్ పెన్’ పాటను 1984లో రికీ స్క్యాగ్స్ పాడితే కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ చుట్టుపక్కలే ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడు ఉండేవాడు. గనుల్లో పనిచేస్తూ గిటారు, ఫిడేలు వాయించేవాడు. తన సంగీతంలోని బ్లూస్ ఆయన నుంచే వచ్చిందని మన్రో చెప్పుకున్నాడు. షుల్ట్జ్ 1931లోనే పోయాడు. ఆయన పాట ఒక్కటీ రికార్డు కాలేదు.

శుక్రవారం పొద్దున ముందుగా ఓవెన్స్‌బరో వెళ్లాం. ఒహైయో నది ఒడ్డునే బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, 2018లో కట్టిన కొత్త భవనం. తీరిగ్గా చూస్తే రెండు గంటలు. అంతకన్నా మమ్మల్ని ఆనందపెట్టింది మటన్. అమెరికాలో గొర్రె మాంసం దొరకడమే కష్టం. దొరికినా లేతది. ఇక్కడ మాత్రం ముదురు గొర్రెని కట్టెల పొగమీద గంటల తరబడి కాల్చి పెడతారు. ఊరికి పేరొచ్చిందే దాంతో. కారం తక్కువైందని వదిన గొణిగింది గానీ, రెండోసారి వడ్డించుకుంది కూడా తనే.

రోజీన్

అక్కణ్నుంచి వెనక్కి గంట లోపే రోజీన్. హైవే దిగి, మొక్కజొన్న చేల మధ్య నుంచి 62వ నంబరు రోడ్డు మీద వెళ్తుంటే ఊరు వచ్చినట్టే తెలీదు. రోడ్డుకి అటూ ఇటూ కొన్ని ఇళ్లు, ఒక మ్యూజియం, ఒక పాత పశువుల కొట్టంలాంటి చెక్క షెడ్డు. అంతే. మన ఊళ్లలో బస్టాపు దగ్గరుండే సందడి కూడా లేదు.

శ్మశానం చిన్న గుట్టమీద ఉంది. మన్రో సమాధి వెతకక్కర్లేదు. అన్నిటికన్నా ఎత్తుగా స్తంభంలా కనపడుతుంది. 1911 సెప్టెంబరు 13న పుట్టి, 1996 సెప్టెంబరు 9న పోయాడు. అదే శ్మశానంలో మేనమామ పెన్ కూడా ఉన్నాడు. ఊరికి కాస్త దూరంలో జెరూసలెం రిడ్జ్ అనే కొండవాలు మీద మన్రో పుట్టిపెరిగిన ఇల్లు. శిథిలమైపోతే 2001లో బాగుచేశారు. తెల్లరంగు వేసిన చెక్క ఇల్లు, చుట్టూ అడవి. కీచురాళ్ల రొద తప్ప చప్పుడు లేదు. ఈ ఇంటి వసారాలోంచి దూరంగా రైలుకూత వినపడితే అది పాటలోకి వెళ్లకుండా ఎలా ఉంటుంది అనిపించింది.

సాయంత్రం అయ్యేసరికి ఆ చెక్క షెడ్డు ముందు కార్లు ఆగడం మొదలైంది. అదే రోజీన్ బార్న్ జాంబొరీ. చలికాలం తప్పించి ప్రతి శుక్రవారం రాత్రి ఇక్కడ పాటలుంటాయి. టికెట్టు లేదు. వచ్చినవాళ్లు మడత కుర్చీలు తెచ్చుకుంటున్నారు. లోపల వేదిక మీద ఒక బృందం పాడుతుంటే, బయట చెట్టుకింద ఇంకో పదిమంది గుండ్రంగా నిలబడి వాయిస్తున్నారు. మాకు లోపలికన్నా బయటే బాగుంది.

ఈ గుండ్రానికి రాతలో లేని పద్ధతులు కొన్ని ఉన్నాయి. పాట ఎత్తుకున్నవాళ్లు ముందుగా శ్రుతి చెబుతారు. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్కరికీ ఒక్కో వంతు. ఒకరి వంతు వచ్చినప్పుడు మిగిలినవాళ్లు తగ్గి వాయించాలి. పాట ఆపాలంటే ఎత్తుకున్నవాళ్లు ఒక కాలు కాస్త పైకి లేపుతారు. అంతే, అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. డ్రమ్ము లేకపోతే తాళం ఎలా అంటారా? ఒక దెబ్బ బాస్ వేస్తుంది, ఆ వెంటే మాండలిన్ తీగల్ని నొక్కిపట్టి ‘చక్’మనిపిస్తుంది. ఢమ్-చక్, ఢమ్-చక్. అదే డ్రమ్ము.

చింటూ వేసుకున్న బిల్లీ స్ట్రింగ్స్ టీషర్టు చూసి ఒక పెద్దాయన నవ్వాడు. డెబ్భై దాటి ఉంటాయి, చేతిలో మాండలిన్. ‘కుర్రాడు వాయిస్తాడు, కాదనను. కానీ పాట మూడు నిమిషాల్లో చెప్పాలయ్యా. ఇరవై నిమిషాలు వాయిస్తే నేను మధ్యలో భోంచేసి రావొచ్చు’ అన్నాడు. పక్కనున్న బ్యాంజో ఆయన ఊరుకోలేదు. ‘మన్రోని కూడా మొదట్లో మరీ వేగమనలేదూ?’ అని అందుకున్నాడు. కాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. ఇద్దరికీ ఆ ఆల్బమ్‌లోని పాటల వరస కూడా తెలుసు! నచ్చలేదంటున్న పెద్దాయన కారులోనే ఆ సీడీ ఉంది.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని వింటున్న ఒకావిడ మా వదినతో మాట కలిపింది. అరవై ఏళ్లుండొచ్చు. అన్నయ్య మామూలుగా ‘మావాడు రోజంతా ఇవే వింటాడండీ, నాకు ఆ మత్తు పాటలంటేనే భయం’ అన్నాడు. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. ‘నా చిన్నకొడుకు అలాగే పోయాడు’ అంది కాసేపాగి. ‘ఈ కౌంటీలో మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లల్లో జరిగింది. అందరం గుండెపోటనే చెప్పుకున్నాం. ఈ అబ్బాయి మాత్రం దాచుకోకుండా చెప్పాడు. ఆ గోల గిటారు నాకూ అర్థంకాదు. ఆ ఒక్కదానికోసం కొనుక్కున్నాను.’

బిల్లీ కథ అక్కడ అందరికీ తెలిసినట్టుంది. 1992లో మిషిగన్‌లో పుట్టాడు. అసలు పేరు విలియం అపొస్టల్. రెండేళ్లప్పుడు కన్నతండ్రి హెరాయిన్ ఎక్కువై పోయాడు. పెంచిన తండ్రి టెర్రీ బార్బర్ గొప్పగా గిటారు వాయించేవాడు. పిల్లవాడికి బ్లూగ్రాస్ నేర్పింది ఆయనే. చేతివాటం చూసి స్ట్రింగ్స్ అని పేరుపెట్టింది అత్తో పిన్నో, ఇంగ్లిష్‌లో ఇద్దరూ ఆంటీలే కదా! కానీ తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ మెత్ అనే మత్తుమందుకు బానిసలయ్యారు. కుర్రాడు పదమూడు పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి స్నేహితుల ఇళ్లల్లో తలదాచుకున్నాడు. కొన్నాళ్లు మెటల్ బ్యాండ్‌లో పడి, మళ్లీ నాన్న పాటల దగ్గరికే వచ్చాడు. మొదట్లో పేరు తెచ్చిన పాట కూడా ఆ మత్తుమందు మీద రాసిందే. తర్వాత పెద్దవాళ్లు ఇద్దరూ ఆ అలవాటు నుంచి బయటపడ్డారు. 2022లో తండ్రితో కలిసి ‘మీ అండ్ డాడ్’ అని పాత పాటల ఆల్బమ్ చేశాడు. ఇల్లు గడవక ఒకప్పుడు తాకట్టు పెట్టిన మార్టిన్ గిటారుని వెతికి తెచ్చి తండ్రి చేతికిచ్చి మరీ.

2025 జూన్‌లో ఆ తల్లి నిద్రలోనే పోయింది. ఆ రోజు రాత్రి బిల్లీకి ఇదే కెంటకీలో, లెక్సింగ్టన్‌లో కచేరీ ఉంది. వేలమంది ముందు నిలబడి, మా అమ్మ పోయిందని చెప్పి, పాడాడు. చింటూ ఆ సంగతి ఆవిడకు చెప్పబోతే ‘తెలుసు నాన్నా, మా చెల్లెలు ఆ కచేరీలో ఉంది’ అంది. ఆ మాట తర్వాత అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈలోగా చెట్టుకింద ఒక గిటారు ఆయన ఇంటికి బయల్దేరుతూ ‘వాయిస్తావా?’ అని చింటూకి తన వాయిద్యం ఇచ్చాడు. వీడికి బిల్లీ వాయించే మెరుపులు నాలుగైదు వచ్చు. అవి వాయించబోయాడు. మాండలిన్ పెద్దాయన తల అడ్డంగా ఊపి, మూడు వేళ్లు చూపించాడు. మూడే కార్డులు. తాళం వదలకుండా, పక్కవాడి పాట వినపడేలా, అంతే వాయించమని. వినడానికి ఎంత తేలికో! రెండో చరణానికే చింటూ తాళం తప్పాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ నవ్వలేదు. పెద్దాయన వాడివైపు తిరిగి మాండలిన్‌ని కాస్త గట్టిగా ‘చక్... చక్’మనిపిస్తూ నిలబడ్డాడు. పాట చివరికి వీడు దారిలోకి వచ్చాడు. పెద్దాయన కాలు లేపిన సంగతి మాత్రం గమనించలేదు. అందరూ ఆగిపోయాక వీడొక్కడే ఇంకో రెండు దెబ్బలు వాయించాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. హైవే ఎక్కినా కారులో పాట లేదు. బౌలింగ్ గ్రీన్ దాటాక అన్నయ్యే అడిగాడు, ‘ఏరా, ఇవాళ నీ పాటలు లేవా?’

‘ఉండు నాన్నా, ఆ తాతగారు చూపించింది మర్చిపోతాను’ అన్నాడు చింటూ. అద్దంలోంచి చూశాను. కుడిచెయ్యి మోకాలి మీద కదులుతోంది. ఢమ్-చక్, ఢమ్-చక్.